రొమ్ము పరీక్షా యంత్రముల తనిఖీ

నర్సీపట్నపు బజారులో చింతపండు తూచు త్రాసుపై ప్రభుత్వపు ముద్ర యుండవలెను. వర్తకుడు తన ఎలక్ట్రానిక్ కాటాను ఏటేట తూనికలు కొలతల శాఖవారికి చూపి ముద్ర వేయించుకొనవలెను. వేయించుకొననిచో శిక్షకు పాత్రుడగును. 2009 నాటి చట్టమును, 2011 నాటి నిబంధనలును ఈ యేర్పాటును గావించినవి. పసుపో, జీడిపిక్కలో, కొండచీపుళ్ళో తలపై మోసికొని కొండ దిగి వచ్చిన గిరిజన స్త్రీ తూనికలో మోసపోరాదను న్యాయబుద్ధి ఆ చిన్న ముద్రయందు గలదు. ఆ స్త్రీయే యొకనాడు తన రొమ్మున గడ్డ చేతికి తగిలినదని భయపడి వైద్యశాలకు వచ్చినయెడల, ఆమె ప్రాణమును తూచు యంత్రము సరిగా తూచుచున్నదా యని యడుగువారెవరు? ఎన్ని దినముల కొకసారి యడుగుచున్నారు? ఆ జవాబును ఆమెకు తెలుపువారెవరు? ఈ ప్రశ్నలను నేడు మేము ప్రజలయెదుటను, ప్రభుత్వమువారి యెదుటను ఉంచుచున్నాము.

మన పెద్దలు రాచపుండని పిలిచి, పేరెత్తుటకే జంకిన కాన్సరు వ్యాధులలో రొమ్మున బుట్టునది నేడు భారతదేశపు స్త్రీలకు ప్రధమ శత్రువై యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థవారి అంచనాల ననుసరించి, 2022వ సంవత్సరమున మన దేశములో రమారమి 1,92,000 మంది స్త్రీలకు క్రొత్తగా నీ వ్యాధి కనబడినది; రమారమి 98,000 మంది దీనిచే మరణించిరి. అదే సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో రోగుల సంఖ్య మనకంటె చాల హెచ్చుగా నున్నను, మరణముల సంఖ్య మన మరణములలో సగమునకు మించలేదు. మన స్త్రీల దేహములు దుర్బలములై యిట్లు జరుగుటలేదు. మనవారు వైద్యుని యెదుటికి వచ్చుసరికి గడ్డ పెరిగి, చంకలోనికి ప్రాకి, ఒక్కొక్కప్పుడు పుండై పగిలి యుండుటయే ముఖ్యకారణము.

మందులు లేకపోలేదు. ఈ వ్యాధికి చిరకాలముగా వాడుచున్న మందులలో నొకటియగు మెథోట్రెక్సేటునకు దారితీసిన పరిశోధనను నడిపినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. శస్త్రచికిత్స గలదు, కిరణచికిత్స గలదు. ఇవన్నియు వ్యాధిని తొలిదశలో గుర్తించినప్పుడే పూర్ణఫలము నిచ్చును. ఇందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నారంభించిన ఉద్యమమునందు మూడు లక్ష్యములను నిర్ణయించినది: రోగులలో నూటికి 60 మందికైనను మొదటి రెండు దశలలోనే వ్యాధి బయటపడవలెను; వైద్యుని దర్శించిన 60 దినములలో వ్యాధి నిర్ణయము కావలెను; నూటికి 80 మందికైనను చికిత్స కడవరకు జరుగవలెను. మొదటి రెండు లక్ష్యములును పరీక్షపై నాధారపడినవి. ఆ పరీక్ష యంత్రముపై నాధారపడినది.

నర్సీపట్నము మైదానమునకును మన్యమునకును నడుమనున్న వాకిలి. 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ పట్టణము అనకాపల్లి జిల్లాలో చేరినది; చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి మండలములు పాడేరు కేంద్రముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. కాగితముపై గీత మారినను రోగుల దారి మారలేదు. లంబసింగి ఘాటు దిగి వచ్చువారు మొదట నిచటి ఏరియా ఆసుపత్రి మెట్లే యెక్కుదురు. గొలుగొండ, నాతవరము, రోలుగుంట, మాకవరపాలెము గ్రామములవారును అచటికే వత్తురు. అంతకు మించిన చికిత్స కావలసినచో ఎనుబది కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసి విశాఖపట్నము చేరవలెను. అచట 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి గలదు. అగనంపూడి యొద్ద టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి గలదు.

ఈ ప్రయాణమన నేమో నగరవాసులు గ్రహింపవలెను. కూలి పోవును, వెంటవచ్చు భర్తకో కుమారునకో మరియొక కూలి పోవును, బస్సు ఖర్చు, బస ఖర్చు, ఇంటికడ నున్న బిడ్డలను చూచుకొనువారికి చేయవలసిన ప్రార్థన వేరు. వీటన్నిటికంటె పెద్దది సిగ్గు. చేతిపై పుండువలె చూపుకొనదగినది కాదు గనుక నెలల తరబడి దాచి, ఇక దాచలేనప్పుడు తల్లితోనో తోడికోడలితోనో మెల్లగా చెప్పుకొనును. ఇట్టి స్త్రీ యొకసారి ధైర్యము తెచ్చుకొని పరీక్షకు వచ్చును. యంత్రము “నీకేమియు లేదు” అని తప్పు చెప్పి పంపినచో రెండవసారి రాదు. వచ్చునప్పటికి చేయగలిగినది మిగిలియుండదు. ఈ విషయమంతటికిని కీలకమిదే యని మా యభిప్రాయము. పరీక్ష జరుగని స్త్రీకి భయమైనను తోడుండును. తప్పుపరీక్ష జరిగిన స్త్రీకి ఆ భయము కూడ పోవును.

మామోగ్రాము అను ఈ పరీక్ష విరిగిన యెముకకు తీయు ఎక్స్‌రే వంటిది కాదు. రాంట్జెన్ పండితుడు 1895లో ఎక్స్‌రే కిరణములను కనుగొనిన పదునెనిమిది సంవత్సరములకు, 1913లో, బెర్లిను నగరమున సాలమన్ అను శస్త్రవైద్యుడు కోసి తీసిన రొమ్ములను ఈ కిరణములతో పరీక్షించి, వాటిలోని కాన్సరు గుర్తులను మొదట వివరించెను. అది బ్రదికియున్న స్త్రీలకు నమ్మదగిన పరీక్షగా రూపొందుటకు మరి యర్ధశతాబ్దము పట్టినది. కారణము స్పష్టము. ఎముకకును మాంసమునకును భేదము చిత్రమున సులభముగా తెలియును. రొమ్ములోని గ్రంథులకును, వాటిలో బుట్టిన కంతికిని భేదము మిక్కిలి సన్ననిది. తొలిదశలో కాన్సరు కొన్నిమార్లు గడ్డగానైనను కనబడదు. ఇసుకరేణువులకంటె సన్ననివై, మిల్లీమీటరులో పదవవంతో యైదవవంతో పరిమాణముగల కాల్షియపు చుక్కల గుంపుగా కనబడును. వాటిని పట్టుటకై 25 మొదలు 35 వరకు కిలోవోల్టుల తక్కువ శక్తిగల కిరణములను వాడుదురు. రొమ్మును రెండు పలకల నడుమ గట్టిగా నొక్కుదురు. ఈ నొక్కుడు బాధాకరమే. అయినను దానివలన మందము తగ్గి కిరణముల మోతాదు తగ్గును. ఒకదానిపై నొకటి పడియున్న భాగములు విడివడును. కదలిక యాగి చిత్రము స్పష్టమగును.

ఇంత సున్నితమైన పనిని చేయు యంత్రము ఎన్నివిధములుగానైనను దారి తప్పవచ్చును. కిరణములను పుట్టించు గొట్టము కాలక్రమమున నలసిపోవును. మోతాదును తనంతట నిర్ణయించుకొను భాగము తప్పుగా నిర్ణయింపవచ్చును. నొక్కు పలక ఒకవైపు వంగవచ్చును. చిత్రమును గ్రహించు ఫలకమున కొన్ని బిందువులు చచ్చిపోవచ్చును. వైద్యుడు చూచు తెర కాంతి తగ్గి మసకబారవచ్చును. వీటిలో నేదియు యంత్రము నాపదు. గదిలో దీపము వెలుగును, మీట నొక్కిన చప్పుడగును, చిత్రము వచ్చును, రశీదు చేతికి వచ్చును. చుక్కలు మాత్రము కనబడవు. పూర్తిగా చెడి మూలబడిన యంత్రమును జూచి జనులు కోపగింతురు, పత్రికలు వ్రాయును, శాసనసభలో ప్రశ్న లడుగుదురు. పనిచేయుచునే తప్పు చూపు యంత్రముపై నెవరికిని కోపము రాదు. ఏలయన ఎవరికిని తెలియదు. 2015లో జాతీయ ఆరోగ్య కార్యక్రమము క్రింద వైద్యపరికరముల మరమ్మతు నిర్వహణకు పథకము పెట్టి, యంత్రములు ఎంతకాలము పనిలో నున్నవో లెక్కించుట మొదలిడిరి. ఇది మంచిదే. అయినను పనిచేయుట వేరు, సరిగా చూపుట వేరు. నడుచు గడియారములన్నియు సరియైన వేళను చూపునా?

మరి యంత్రము సరిగా చూపుచున్నదని తెలిసికొనుట యెట్లు? దీనికి పరిష్కారము ఆశ్చర్యకరముగా సులభమైనది. నొక్కినపిమ్మట 4.2 సెంటీమీటర్ల మందముండు రొమ్మునకు సమానముగా కిరణములను పీల్చుకొను నొక ప్లాస్టిక్కు దిమ్మను చేయుదురు. దానిలోని మైనపు పలకయందు సన్నని నారలు ఆరు, రేణువుల గుంపులు అయిదు, చిన్న గడ్డలవంటివి అయిదు పొదుగుదురు. నారలలో పెద్దది 1.56 మిల్లీమీటర్ల మందము, చిన్నది 0.40, రేణువులు 0.54 మొదలు 0.16 మిల్లీమీటరు వరకు తగ్గుచు వచ్చును. ఈ దిమ్మను యంత్రముపై నుంచి చిత్రము తీసి, కన్ను విప్పి లెక్కించుటయే పని. నాలుగు నారలు, మూడు రేణువుల గుంపులు, మూడు గడ్డలు కనబడినచో యంత్రము నెగ్గినట్లు. కనబడనిచో ఆ యంత్రము మరమ్మతు అగువరకు స్త్రీలను పరీక్షింపరాదు. అమెరికాలో చిరకాలము వాడుకలో నున్న కొలత యిది. డిజిటలు యంత్రములకు తరువాత వేరు దిమ్మయు వచ్చినది. సూత్రము మాత్రము మారలేదు. కొద్ది నిమిషములలో తేలు నీ పరీక్షను అచట వారమున కొకసారి తప్పక చేయుదురు.

అమెరికావారు పుట్టుకతోనే యింత జాగ్రత్తపరులు కారు. 1985లో వారు దేశమంతట జరిపిన పరిశీలనలో, రమారమి మూడవవంతు కేంద్రములలోని చిత్రములు ఉండవలసినంత బాగుగా లేవని తేలినది. ధనమునకును, విద్యకును, యంత్రములకును కొదువలేని దేశమున నిట్లుండెను. వారు సిగ్గుపడి యూరకుండలేదు. 1987లో వైద్యులసంఘము వారు తమంతట తామే పరీక్షించుకొను పద్ధతిని పెట్టిరి. అది స్వచ్ఛందమగుటచే చాలదని తెలిసి, 1992లో వారి శాసనసభ మామోగ్రఫీ నాణ్యతా ప్రమాణముల చట్టమును చేసినది. 1994 అక్టోబరు నుండి ప్రమాణపత్రము లేని కేంద్రమేదియు ఈ పరీక్షను చేయరాదని శాసించినది. ఏటేట ప్రభుత్వపు తనిఖీదారు వచ్చును. ఏటేట వైద్యభౌతికశాస్త్రజ్ఞుడు యంత్రమంతటిని కొలుచును. ఆ దిమ్మకు ఒక చిత్రమునందు తగులు కిరణముల మోతాదు 3 మిల్లీగ్రేలకు మించరాదు. ప్రమాణపత్రమును రోగులు చూచునట్లు గోడకు తగిలింపవలెను. చిత్రమును చదువు వైద్యుడు రెండేండ్లలో 960 చిత్రపరీక్షలనైన చదివి యుండవలెను. ఫలితమును రోగికి సులభమైన మాటలలో, 30 దినములలో, ఉత్తరము వ్రాసి తెలుపవలెను.

మన దేశమున చట్టము లేదని మేమనుటలేదు. 1962లో అణుశక్తి చట్టము వచ్చినది. 1983 నవంబరు 15వ తేదీన అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు, అనగా అణుశక్తి నియంత్రణ మండలి, స్థాపితమైనది. 2004లో కిరణరక్షణ నిబంధనలు వచ్చినవి. 2016లో వైద్యమునందలి ఎక్స్‌రే యంత్రములను గూర్చి సవరించిన భద్రతా నియమావళి వచ్చినది. మండలి యంగీకరించిన నమూనా యంత్రమునే కొనవలెను. మండలి యనుమతి లేనిదే దానిని నడుపరాదు. తగిన చదువుగలవాడే నడుపవలెను. నడుపువారు తమకు తగులు కిరణముల కొలతకు బిళ్ళ ధరింపవలెను. రెండేండ్ల కొకసారి యంత్రమునకు నాణ్యతాపరీక్ష జరిపించి పత్రము తెచ్చుకొనవలెను. నియమములు చూడ చక్కనివి. వీటిని వ్రాసిన శాస్త్రజ్ఞులు మన గౌరవమునకు పాత్రులు.

అయినను రెండేండ్లను గురించి యొక్కమాట చెప్పక తప్పదు. చింతపండు తూచు కాటాకు ఏటేట ముద్ర. ప్రాణమును తూచు యంత్రమునకు రెండేండ్ల కొకసారి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన సామాన్యునికి నవ్వు రాదు, విచారము వచ్చును. పరీక్ష జరిగిన మరునాడే ఫలకము చెడినచో, తరువాతి పరీక్షవరకు రెండేండ్లపాటు వచ్చిన స్త్రీలందరి గతి యేమి? రెండేండ్ల తనిఖీ నిలుచునది ప్రతిదిన, ప్రతివార తనిఖీలు నడచునప్పుడే. ఆసుపత్రిలోని మనుష్యులే ప్రతి యుదయము తెరను తుడిచి చూచి, వారమున కొకసారి దిమ్మచిత్రము తీసి, పుస్తకమున వ్రాసి సంతకము పెట్టినప్పుడే పై తనిఖీకి అర్థముండును. ఎచ్చటెచ్చట నీ పుస్తకము నడచుచున్నది, ఎచ్చట నడచుటలేదు అని సామాన్యప్రజకు తెలియు మార్గము లేదు. ఇది యే యొక్క ఆసుపత్రిపైనను మేము వేయు నింద కాదు. తెలిసికొను మార్గము లేకపోవుటయే మా ఫిర్యాదు.

నర్సీపట్నమువంటి ప్రాంతమునకు మరియొక విశేషము గలదు. పరీక్షాయంత్రమును బస్సులో నమర్చి గ్రామములకు పంపుట నేడు క్రొత్తగాదు. స్త్రీని నగరమునకు రప్పించుటకంటె యంత్రమునే ఆమెయొద్దకు పంపుట దయగల యాలోచన. కాని యా బస్సు లంబసింగి ఘాటు మలుపుల నెక్కి, వానలకు కొట్టుకొనిపోయిన దారులలో కుదుపులు తిని, చింతపల్లి చేరునప్పటికి, బయలుదేరినప్పుడున్న యంత్రమే యున్నదని యెట్లు నమ్ముదుము? అమెరికా నిబంధనలలో నిట్టి సంచారయంత్రములకు వేరు నియమము గలదు: బస్సు క్రొత్తచోట నాగిన ప్రతిసారి, మొదటి స్త్రీని పరీక్షించుటకు పూర్వము, చిత్రపు నాణ్యత సరిగా నున్నదని పరీక్షించి నిశ్చయించుకొనవలెను. మైదానపు చక్కని రహదారులకే యీ నియమము కావలసి వచ్చినచో మన ఘాటుదారులకు ఇంకెంత కావలెను! వేసవి యెండ మరియొక శత్రువు. ఈ యంత్రములు కొన్నిటిలోని సెలీనియపు ఫలకము వేడికి చెడును; రాత్రి విద్యుత్తు పోయి గది చల్లదన మాగినచో ఉదయమునకు ఫలకము దెబ్బతినవచ్చును. కాబట్టి యంత్రమునకు ధనము మంజూరు చేయునప్పుడే దానిని చల్లగా నుంచు యేర్పాటునకును, జనరేటరునకును, దిమ్మకును, నేర్చిన మనిషికిని కలిపి మంజూరు చేయవలెను. ఎద్దులను కొని మేత కొననివాని సేద్యమువంటిది, పరీక్షాసాధనము లేని యంత్రపు కొనుగోలు.

ఇచట నొక యాక్షేపణ రావచ్చును. మన ప్రభుత్వపు పథకము యంత్రములపై నాధారపడలేదు గదా, చేతిపరీక్షయే గదా అని కొందరనవచ్చును. నిజమే. 2016 నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శక సూత్రముల ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్ల కొకసారి, శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్త్రి చేతితో రొమ్ములను పరీక్షింపవలెను. ఇది పేదదేశపు సర్దుబాటు మాత్రమే కాదు. బొంబాయిలో టాటా స్మారక కేంద్రమువారు 1998 నుండి 1,51,538 మంది స్త్రీలపై జరిపి, 2021లో ప్రకటించిన పరిశోధనలో, రెండేండ్ల కొకసారి చేతిపరీక్ష జరిగిన స్త్రీలలో వ్యాధి చిన్నదశలో బయటపడినది. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు సుమారు నూటికి ముప్పదివంతులు తగ్గినవి. మన తెలుగునాడునను డాక్టరు రఘురాం గారు స్థాపించిన ఉషాలక్ష్మి సంస్థవారు 2012 మొదలు 2016 వరకు వేలకొలది పల్లెలలో రమారమి రెండు లక్షలమంది పేద స్త్రీలకు ఈ చేతిపరీక్షను జరిపించిరి. పడుచు స్త్రీల రొమ్ములు దట్టముగా నుండుటచే యంత్రచిత్రమున వ్యాధి దాగవచ్చుననియు, అట్టివారికి అల్ట్రాసౌండు పరీక్ష తోడు కావలెననియు వైద్యులందరు నెరుగుదురు. కావున ప్రతి స్త్రీకిని యంత్రమే కావలెనని మేము వాదించుటలేదు.

కాని యీ యాక్షేపణ మా వాదమునకే బలము చేకూర్చుచున్నది. చేతిపరీక్ష మొదటి తలుపు. అచట గడ్డ దొరకిన స్త్రీనే రెండవ తలుపగు యంత్రమునొద్దకు పంపుదురు. అనగా మన దేశమున నీ యంత్రముక్రిందికి వచ్చు స్త్రీలు, ఏ బాధయు లేక వేడుకగా పరీక్ష చేయించుకొనువారు కారు. పదిమందిలో నుండి ఏరి పంపబడినవారు. ఆశ కార్యకర్త ఇల్లిల్లు తిరిగి, నచ్చజెప్పి, సిగ్గు విడిపించి, బస్సెక్కించి పంపినవారు. ఇంతమంది చేసిన యింత శ్రమయు రెండవ తలుపునొద్ద మసకతెర మూలమున వ్యర్థము కావలెనా? రెండవవైపు కూడ చూడవలెను. యంత్రపు ధూళియో గీతయో చిత్రమున కాల్షియపు చుక్కలవలె కనబడినచో, లేని వ్యాధికై సూదిపరీక్షలు, విశాఖపట్నపు ప్రయాణములు, రాత్రులనిద్ర, అప్పులు తప్పవు. ఒక కుటుంబము నిష్కారణముగా నల్లాడిపోవును.

మరియొక యాక్షేపణ ధనమును గూర్చినది. యంత్రములే చాలనిచోట తనిఖీల ముచ్చట యేల యని యడుగువారు గలరు. నీరు లేని యూరిలో విషజలపు బావిని త్రవ్వి, త్రాగినవారి లెక్కను పుణ్యముగా వ్రాసికొందుమా? కోట్ల వెలగల యంత్రపు ప్రక్కన ఆ దిమ్మ వెల లెక్కలోనిది కాదు. కావలసినది ధనముకంటె అలవాటు. అలవాటుకంటె దానిని తప్పనిసరిగావించు కట్టుబాటు.

కాన ప్రభుత్వమువారు వెంటనే చేయదగిన పనులు కొన్ని గలవు. మొదటిది: రొమ్ము పరీక్ష జరుగు ప్రతి గదివాకిటను, ప్రభుత్వపుదైనను ప్రైవేటుదైనను, యంత్రపు అనుమతి తేదీ, కడపటి నాణ్యతాపరీక్ష తేదీ, ఈ వారపు దిమ్మపరీక్ష ఫలితము స్పష్టమైన తెలుగులో పలకపై వ్రాసి పెట్టవలెను. రెండవది: నాణ్యతాపరీక్షను ఏటేట జరిపింపవలెను. ఆ పరీక్షకుని కూలి, యంత్రము నమ్మినవారినుండి గాని నడుపువారినుండి గాని కాక, ప్రభుత్వమునుండియే రావలెను. ఏలయన ఎవనిని పరీక్షింతునో వానియొద్ద కూలి తీసికొనువాని మాటకు బలముండదు. మూడవది: సంచారబస్సు ఆగిన ప్రతిచోట దిమ్మచిత్రము తీయనిదే పరీక్ష మొదలిడరాదు. నాల్గవది: డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకము క్రింద కాన్సరు చికిత్సకు సొమ్ము పొందు ఆసుపత్రులనుండి ఈ పత్రములను తప్పక కోరవలెను. సొమ్ము నిచ్చు చేతికి ప్రశ్నించు హక్కు గలదు. ఆ హక్కును వినియోగించిన చాలును, క్రొత్త చట్టమునకై యేండ్లకొలది వేచియుండ నక్కరలేదు. అయిదవది: పరీక్ష జరుపువారు స్త్రీలై యుండవలెను; ఫలితమును తెలుగులో వ్రాసి, “భయము లేదు”, “మరల రండు”, “వెంటనే విశాఖపట్నము పొండు” అని తేటగా జెప్పు కాగితము నామె చేతి కీయవలెను. ఆంగ్లమున వ్రాసిన నాలుగు వరుసల నివేదిక మన్యపు తల్లికి శాసనలిపితో సమానము.

ఈ పనులకు మనుష్యులు లేరందురా? విశాఖపట్నముననే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ అను వైద్యపరికరముల కర్మాగార నగరము గలదు. పరికరములను మన దేశముననే తయారుచేయవలెనను స్వదేశీ సంకల్పముతో నది వెలసినది. యంత్రమును స్వదేశమున చేయుట స్వదేశీయతలో సగము. దానిని మనమే పరీక్షించి, మంచిచెడుగులను మనమే తేల్చుకొనుట మిగిలిన సగము. ఆ దిమ్మలను మన కమ్మటములలో చేయరాదా? ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివిన యువతీయువకులకు ఈ కొలతల విద్య నేర్పి, రెండు మూడు జిల్లాల కొకరిని నియమింపరాదా? ఉద్యోగములు లేవని యువకులును, పరీక్షకులు లేరని ఆసుపత్రులును ఏకకాలమున వాపోవుట విడ్డూరము.

నర్సీపట్నమునకు అనతిదూరమున, గొలుగొండ మండలపు కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి గలదు. 1922లో ఆయన మన్యపు జనులను లేవదీసినది, కొండవారి ప్రాణమునకును కష్టమునకును విలువలేదని తలచిన ప్రభుత్వముపైన. ఆ ప్రభుత్వము పోయినది, స్వరాజ్యము వచ్చినది, ఆయన పేర జిల్లా కూడ వెలసినది. అయినను కొండవారి ప్రాణమును నగరవాసి ప్రాణముతో సమముగా తూచు త్రాసు మనకింకను రావలసియున్నది. పాత యంత్రము పల్లెకు, క్రొత్త యంత్రము పట్టణమునకు. తనిఖీ పట్టణమునకు, నమ్మకము పల్లెకు అను పద్ధతి స్వరాజ్యమునకు తగదు.

కడపట మా సోదరీమణులకు విన్నపము. గడ్డ తగిలినను, చర్మము ముడుతపడినను, చనుమొన లోనికి పోయినను, నెత్తురు కనబడినను సిగ్గుపడక వెంటనే చూపించుకొనుడు. యంత్రము లేమియు లేదని చెప్పినను గడ్డ మాత్రము చేతికి తగులుచునే యున్నచో ఆ మాటతో తృప్తిపడకుడు. మరల వైద్యునొద్దకు పొండు, వేరు పరీక్ష నడుగుడు. పరీక్షగది వాకిటనిలిచి, “ఈ యంత్రమును కడపట నెప్పుడు తనిఖీ చేసిరి?” అని యడుగుటకు వెనుదీయకుడు. బజారులో కాటాముద్రను చూచి సరకు తూపించుకొను తల్లికి ఆ ప్రశ్న క్రొత్తగాదు. దానికి జవాబును గోడపై తెలుగులో వ్రాసి యుంచుట ప్రభుత్వమువారి విధి.